కావలి రామస్వామి దక్కను పటము: పుట్టుపూర్వోత్తరముల విచారణ

పటమును చూచి దేశమును తెలిసికొనువారు పెక్కురు. పటమునే ఒక గ్రంథముగా చదివి, దీనిని కూర్చినవాడెవడు, వానికి ఆధారములిచ్చినవారెవరు, ఇది ఎవరెవరి చేతులు మారి మనదాకా వచ్చినది అని ప్రశ్నించువారు అరుదు. తాళపత్ర గ్రంథమొకటి దొరికినచో మనము మొట్టమొదట ఆశ్వాసాంత గద్యను వెదకుదుము. పిదప లేఖకుని పేరు, సంవత్సరము, తిథి చూతుము. పాఠాంతరములున్నచో ప్రతులను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చుదుము. ఇంత శ్రద్ధ కావ్యములపట్ల చూపిన మనవారు పటముల విషయమున మాత్రము, గోడకు తగిలించిన వస్తువునకు కర్త ఏల అన్నట్లు ఊరకుండిరి. ఈ ఉపేక్షచే తెలుగువారికి కలిగిన నష్టమొకటి కలదు. దానినే ఈ వ్యాసమున చర్చింపదలచితిని.

కావలి వేంకట రామస్వామి 1827లో ఆంగ్లమున ఒక పటమును ప్రకటించెను. హిందూ రాజవంశముల చరిత్రమును విశదపరచు దక్కను ప్రాచీన విభాగముల నూతన పటము అని దాని పేరును తెనిగింపవచ్చును. మరుసటి యేడు, అనగా 1828లో, కలకత్తానుండి ఆయనయే ఒక పుస్తకమును వెలువరించెను. దక్కనులోని నగరముల, స్థలముల వర్ణనలును చరిత్రములును అందలి విషయము. మొదట దక్షిణ ద్వీపకల్పమును గూర్చి కొద్దిపాటి వర్ణనము, ప్రాచీన ప్రభువుల సంక్షిప్త చరిత్రము చేర్చబడినవి. ఈ గ్రంథమంతయు ప్రాచీన దక్కను పటమునకు సంప్రదింపు గ్రంథముగా ఉద్దేశింపబడినదని దాని ముఖపత్రమే చెప్పుచున్నది. ఆ మరుసటి యేడు, 1829లో, దక్కను కవుల చరిత్రము వెలువడినది. ఈ మూడవ గ్రంథము మనవారికి చిరపరిచితము. కవుల చరిత్రలు వ్రాసినవారికి రామస్వామి ఆద్యుడని అందరును తలచుకొందురు. మొదటి రెండింటిని మాత్రము తలచువారు లేరు.

ఇది సరికాదని నా అభిప్రాయము. మూడేండ్లలో వరుసగా వచ్చిన మూడు కృతులు ఒకే సంకల్పమునుండి పుట్టినవి. ఆయన కవులను కాలక్రమమునకు మాత్రమే కట్టి చూచినవాడు కాడు. ద్వీపకల్పమున వేరువేరు సీమలలో వర్ధిల్లిన కవులు అనియే ఆ గ్రంథముయొక్క ఉపశీర్షిక. సీమ లేనిదే కవి లేడని ఆయన తలచినట్లు కనబడుచున్నది. మొదట నేలను గీసి, తరువాత ఆ నేలపై ఊళ్లను నిలిపి, పిదప ఆ ఊళ్లలో కవులను కూర్చుండబెట్టినాడు. మనము మొదటి రెండు మెట్లను వదలి మూడవ మెట్టుమీద నిలిచి ఆయనను కొలుచుచున్నాము.

ఇక ఈ పటము ఎచ్చటనుండి వచ్చినది? దాని వంశమును తెలిసికొనవలెనన్న, బళ్ళారి సీమకు రావలెను. ఇది స్వస్థలాభిమానముచే చెప్పుమాట కాదు. 1792 మొదలు 1815 వరకు దక్షిణదేశపు పటములు ఎట్లు తయారైనవో చూపుటకు ఇంతకంటె మంచి ఉదాహరణ మరియొకటి దొరకదు.

ముందుగా ఆనాటి అచ్చుపటముల స్వభావమును గూర్చి ఒక మాట. రాగిరేకుమీద చెక్కి అచ్చొత్తిన పటమునకు రంగులు అచ్చులో పడవు. గీతలు అచ్చైన తరువాత కుంచెతో చేతిమీద రంగులు దిద్దుదురు. కావున ఒకే రేకునుండి వచ్చిన రెండు ప్రతులలో రాజ్యముల రంగులు వేరుగా నుండవచ్చును. పెద్ద పటములను ముక్కలుగా కోసి, గుడ్డపై అతికించి, గోడకు తగిలించుటకును మడచి పెట్టెలో పెట్టుటకును అనువుగా చేయుట వాడుక. ఆ రంగు ఎప్పుడు దిద్దినది, ఆ గుడ్డ ఎప్పుడు అతికించినది అను ప్రశ్నలకు అచ్చు తేదీ సమాధానము చెప్పజాలదు. పైగా, లండనులోని ప్రకాశకులు రేకును పారవేయరు, సవరింతురు. విలియం ఫేడెన్ 1793లో ప్రకటించిన ద్వీపకల్ప పటమునే, టిప్పు పతనానంతరము రాజ్యవిభాగములు మారగా, 1800లో సవరించి మరల వెలువరించెను. పాత గీత, కొత్త ఎల్ల, ఒకే కాగితముపై కాపురము చేయుచుండును. ఇవి మన పాఠాంతరములవంటివే. వీనిని గుర్తింపక పాతపటము కనబడగానే మురిసి, అందలి రంగును ప్రమాణముగా పట్టుకొనుట, ప్రక్షిప్త పద్యమును చూపి కవి కాలమును నిర్ణయించుటవంటిది.

జేమ్స్ రెన్నెల్ పటము ఇందుకు ఇంకను ఆసక్తికరమైన ఉదాహరణము. వంగదేశమును కొలిచిన మహానుభావుడాయన. 1777లోనే హిందూదేశమును విడిచిపోయినాడు. దక్షిణదేశమును ఆయన స్వయముగా సర్వే చేసినది లేదు. అయినను 1792 మార్చినాటి శ్రీరంగపట్టణపు సంధికి అనుగుణముగా రాజ్యవిభాగములను చూపుచు ద్వీపకల్పమునకు పటము కూర్చెను, 1793లో దానికి వివరణ గ్రంథమును వ్రాసెను. సైన్యములు నడచిన దారుల కొలతలు, అధికారులు పంపిన కాగితములు ఆయనకు ఆధారములు. అందుచే సైన్యము పోయిన చోట పటము నిండుగా నుండును, పోనిచోట బోసిగా నుండును. కాని రెన్నెల్‌లో ఒక గొప్పగుణము కలదు. తన పటములో ఏ భాగమును ఎవరి మాటపై నిలిపినాడో వివరణ గ్రంథమున దాచక చెప్పును. పటమునకు తోడుగా ఒక గ్రంథము ఉండవలెనను సంప్రదాయము ఆయనవలన స్థిరపడినది. రామస్వామి 1827లో పటమును, 1828లో దానికి సంప్రదింపు గ్రంథమును వెలువరించుటలో ఈ సంప్రదాయమే కనబడుచున్నది. దేశీయుడొకడు ఆ పద్ధతిని పూర్తిగా తనదిగా చేసికొనుట మామూలు సంగతి కాదు.

బళ్ళారి దుర్గమును 1775 ప్రాంతమున హైదరాలీ పట్టుకొనెను. ఇక్కడ అందరు చెప్పుకొను ఐతిహ్యమొకటి కలదు. హైదరు ఒక ఫ్రెంచి ఇంజనీరుచే కొండపై కోటను బలముగా కట్టించెనట. కట్టడము ముగిసిన పిమ్మట, ఎదుటనున్న కుంబార గుడ్డ ఈ కొండకంటె ఎత్తైనదనియు, అచ్చటినుండి శత్రువు ఫిరంగి పేల్చగలడనియు తెలిసినదట. హైదరు ఆ ఇంజనీరును ఉరి తీయించెనట. కథలో నిజమెంతయో గాని, ప్రక్కకొండను కొలువక తన కొండను మాత్రమే కొలిచినవాని గతిని మా జిల్లావారు ఇన్ని తరములు మరువలేదు. 1792, 1799 సంధులవలన ఈ సీమలు నిజామునకు చేరినవి. ఆయన తన రాజ్యమున నిలిపిన ఆంగ్ల సైన్యపు ఖర్చులకై 1800 అక్టోబరు 12వ తేదీ సంధిమూలమున వీనిని కంపెనీకి దత్తము చేసెను. దత్తమండలమను పేరు ఇట్లు పుట్టినది. ఎనిమిది సంవత్సరములలోపల మూడు ప్రభుత్వముల రంగులు ఈ నేలపై పడినవి. ప్రజలు మాట్లాడు మాటలుగాని, దున్ను పొలములుగాని ఈ మార్పులతో మారలేదు.

దత్తమండలము కంపెనీకి వచ్చిన తరువాత ఈ నేలపై మూడు విధములైన కొలతలు జరిగినవి. మూడింటిని కలిపి చూచినగాని పటపు పుట్టుక తెలియదు.

మొదటిది థామస్ మన్రో చేయించిన పొలముల కొలత. 1802లో ప్రారంభమైనది. అప్పటికి ఈ సీమలో భూమిని కొలుచు విద్య తెలిసిన గుమాస్తాలు నలుగురే దొరికిరట. వారే ఇతరులకు నేర్పగా, క్రమముగా ఆ సంఖ్య నూరువరకు పెరిగినది. వారు వాడిన గొలుసు 33 అడుగులు. ఆ గొలుసు పొడవు, అదే వెడల్పు గల చతురము ఒక గుంట. 40 గుంటలు ఒక ఎకరము. నేటికిని మా రైతులు గుంటల లెక్కనే చెప్పుదురు. ఆ నలుగురు గుమాస్తాల పేర్లు ఏ పటముమీదను లేవు.

రెండవది లాంబ్టన్ త్రికోణమితి సర్వే. 1802లో చెన్నపట్టణము దగ్గర పరంగిమలకడ మొదలైన ఆ మహాకార్యమున ఒక ఆధారరేఖను 1811లో గుత్తి దగ్గర కొలిచిరి. ఆనాడు గుత్తి బళ్ళారి జిల్లాలోనిది. అనంతపురము జిల్లా వేరుపడినది 1882లో కదా. ఆకాశమును, కొండకొనలను ఆధారముగా చేసికొన్న ఈ కొలతలో ఊళ్ల పేర్లకు ప్రాధాన్యము తక్కువ.

మూడవది కాలిన్ మెకంజీ సర్వే. మన విషయమునకు ముఖ్యమైనది ఇదియే. 1799లో శ్రీరంగపట్టణము పడిన తరువాత మైసూరు సీమల సర్వేను ఆయనకు అప్పగించిరి. ఆ కాలముననే, 1800 ప్రాంతమున, హంపీ శిథిలములకు ఆయన ప్రథమముగా పటము గీయించెను. సామ్రాజ్యము పోయిన రెండు శతాబ్దులకు మరల దాని వీథులు కాగితముమీదికి వచ్చినవి. తరువాత 1809 మొదలు 1815 వరకు దత్తమండలముల సర్వే జరిగినది. కాని ఇందు ఒక విశేషము కలదు. 1811లో మెకంజీ జావా దండయాత్రకు పోయినాడు, కొన్నేండ్లపాటు అచ్చటనే యుండెను. ఆ కాలమున ఈ కొండలలో, ఈ ఎండలలో గొలుసు లాగినవారు ఆయన సహాయకులు. వారిలో పలువురు 1794లో చెన్నపట్టణమున స్థాపింపబడిన సర్వే పాఠశాలలో చదివిన బాలురు. పటము మెకంజీది, పాదములు వీరివి.

అయినను మెకంజీని చిన్నచేయుట నా ఉద్దేశము కాదు. కొలతతో తృప్తిపడక, ప్రతి ఊరికి కథ కలదని, ఆ కథను ఆ ఊరివారి భాషలోనే వ్రాయించవలెనని తలచినవాడాయన. కైఫీయతులు అట్లు పుట్టినవి. ఈ బుద్ధి ఆయనకు ఎవరివలన కలిగినది? ఈ ప్రశ్నకు జవాబు ఆయనయే 1817లో వ్రాసిన లేఖలో చెప్పెను. కావలి వేంకట బొర్రయ్యతో కలిగిన పరిచయమే భారతీయ విజ్ఞానమునకు తనకు ద్వారమైనదని కృతజ్ఞతతో ఒప్పుకొనెను. ఏలూరునకు చెందిన కావలి సోదరులలో బొర్రయ్య 1796లో మెకంజీ కొలువున చేరి, 1803లో చిన్నవయసుననే మరణించెను. తరువాత ఆ భారము లక్ష్మయ్యపై పడినది. ఆయనకు తోడు రామస్వామి. 1815లో మెకంజీ హిందూదేశమంతటికి సర్వేయరు జనరలై, రెండేండ్ల పిమ్మట కలకత్తా పోగా, సోదరులును ఆయన వెంట పోయిరి.

1816లో థామస్ హిక్కీ చిత్రించిన మెకంజీ చిత్తరువును చూచినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఎర్రకోటు తొడిగిన దొర నడుమ నిలిచియుండును. చుట్టును ముగ్గురు భారతీయులు. ఒకనిచేత తాటాకుల గ్రంథము, మరియొకనిచేత దూరదర్శిని. చిత్రకారుడు ఆ ముగ్గురిని విడువలేదు. లండనులో ఆ చిత్తరువు నేటికిని ఉన్నది. పటములను చెక్కినవారికి మాత్రము ఆ ముగ్గురికి చోటు దొరకలేదు.

ఈ సర్వేల ఫలితములన్నియు 1822లో ఆరన్ ఆరోస్మిత్ లండనులో ప్రకటించిన దక్షిణ హిందూదేశపు పటసంపుటమున చేరినవి. కన్యాకుమారి మొదలు కృష్ణానది వరకు 18 పలకలు. నాలుగు మైళ్లకు ఒక అంగుళము. పలకలన్నింటిని కూర్చినచో ఒక గోడ నిండును. ఇట్టి పటము నేడు అపురూప వస్తువు. కొనువారు దాని అందమునకు, అరుదుదనమునకు వెలకట్టుదురు. మన విచారణకు కావలసినది, ఈ పటము వెలువడిన అయిదేండ్లకే రామస్వామి తన పటమును ప్రకటించెనన్న సంగతి. ఆరోస్మిత్ పటము ఉన్న దేశమును చూపును. రామస్వామి పటము లేని దేశమును, అనగా గతించిన రాజ్యములు ఒకదాని ప్రక్క ఒకటి నిలిచిన దేశమును చూప ప్రయత్నించినది. ఒకటి పాలించుటకు, రెండవది జ్ఞాపకముంచుకొనుటకు. మొదటిదానికి గొలుసు చాలును. రెండవదానికి శాసనములు, కైఫీయతులు, వంశావళులు చదివి, పరస్పర విరుద్ధములైన వానిని తూచి, ఏ వంశమును ఏ సీమలో నిలుపవలెనో నిర్ణయించు బుద్ధి కావలెను.

ఇట చెప్పితీరవలసిన విషయమొకటి కలదు. 1821లో మెకంజీ మరణించిన పిదప, సేకరణ కార్యమును తాను కొనసాగింతునని లక్ష్మయ్య కోరెను. ఆ కోరిక వంగదేశపు ఏషియాటిక్ సొసైటీ ముందునకు వచ్చినది. 1836లో, జేమ్స్ ప్రిన్సెప్ కార్యదర్శిగా నున్న కాలమున, సొసైటీ సంఘము ఇచ్చిన అభిప్రాయ సారాంశమిది: లక్ష్మయ్యయే కాదు, ఏ స్వదేశీయుడును ఇట్టి కార్యమునకు సమర్థుడని చెప్పుటకు వీలులేదు, సహాయకులుగా మాత్రము వారు ఉపయోగపడవచ్చును. పిదప ఆ సేకరణను పరిశీలించు పని రెవరెండు విలియం టేలరు చేతికి పోయినది. బ్రాహ్మీలిపిని చదివి దేశమునకు మహోపకారము చేసిన ప్రిన్సెప్‌పై నాకు అగౌరవము లేదు. కాని ఆ తీర్పు తప్పు. తప్పని చూపుటకు అప్పటికి తొమ్మిదేండ్ల క్రిందటనే సాక్ష్యము వెలువడియుండెను. విడివిడి సమాచారములను చేర్చి ఒక సామాన్యరూపమునకు తెచ్చుటయే పటలేఖనము. ఆ శక్తి స్వదేశీయునకు లేదని అన్ననాటికి, ఆ లక్ష్మయ్య సోదరుడే, ఆ కలకత్తాలోనే, పటమునకు సంప్రదింపు గ్రంథమును కూడ అచ్చొత్తించియున్నాడు. మన సాహిత్య చరిత్రకారులు రామస్వామి పటమును పట్టించుకొనకపోవుటవలన ఆ తీర్పునకు మనమే పరోక్షముగా తలయూపినట్లైనది. నష్టమన్నది ఇదియే.

ఐతే రామస్వామి కృషిలో లోపములు లేవని కాదు. గౌరవించుటకు మొదటి పద్ధతి పరీక్షించుట. ఆయన పటమునకు, గ్రంథమునకు ఎంచుకొన్న భాష ఆంగ్లము. 1825లో విశ్వగుణాదర్శమును ఆంగ్లీకరించినవాడు, 1836లో పాకశాస్త్రమును సైతము ఆంగ్లమున అచ్చొత్తించినవాడు, తెలుగువానికి తెలుగున పటమొకటి ఈయవలెనని తలపలేదు. ఆనాటి కొనుగోలుదారులు ఎవరో, పోషకులు ఎవరో తలచినచో ఇది అర్థమగును. అర్థమైనను లోటు లోటే. రెండవ లోపము పటముయొక్క పేరులోనే కలదు. హిందూ రాజవంశముల చరిత్రమునకని గిరి గీసికొన్నప్పుడు, దక్కనుయొక్క కథలో సగము గిరికి వెలుపల పడును. ఆదవానిని చూడుడు. విజయనగరము పిదప ఆ దుర్గము బిజాపురము వారిది. సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన మసీదు నేటికిని అచ్చట కలదు. మొగలులు పట్టుకొని ఇంతియాజ్‌గఢ్ అని పేరుపెట్టిరి. తరువాత నిజాము కుటుంబములోని బసాలత్ జంగు జాగీరు. ఈ వరుసను వదలి ఆదవాని చరిత్రము చెప్పుట ఎట్లు? ప్రాచీనము అను విశేషణము రామస్వామికి కొంత రక్షణ ఇచ్చును గాని, సరిహద్దు రాజ్యములు ఒకదానినొకటి తీర్చిదిద్దుకొన్న తీరు ఇట్టి విభాగమున కనబడదు.

పేర్ల విషయము కూడ విచారింపదగినది. పటముమీది పేరు చెవికి సాక్షి. పాత ఆంగ్ల పటములలో, గ్రంథములలో విజయనగరము బిస్నగర్, బీజనగర్ అను రూపములలో కనబడును. అవి పోర్చుగీసువారి నోట, పారసీక చరిత్రకారుల కలమున నలిగివచ్చిన రూపములు. గుత్తి గూటీ ఐనది. కడప కుడ్డపా ఐనది. బళ్ళారి బెల్లారీ ఐనది. తెలుగునను కన్నడమునను ఉన్న ళకారము ఆంగ్ల లిపిలో కరగిపోయినది. 2014 నవంబరు 1న కర్ణాటక ప్రభుత్వము ఆంగ్లమునను బళ్ళారి అను రూపమునే స్థిరపరచునంతవరకు ఆ పలుకుబడి కాగితములపై రాజ్యమేలినది. ఇచ్చట గమనింపవలసినదేమన, బళ్ళారి అను పేరు రెండు భాషలలోను ఒకటే. కావున ఏ పాతపటముమీది వర్ణక్రమమును చూపియు ఈ ఊరు ఏ భాషవారిదని తేల్చుటకు వీలులేదు.

ఈ మాట చెప్పుటకు కారణము కలదు. ఎల్లల ప్రస్తావన వచ్చినప్పుడెల్లను మా ప్రాంతమున ఇరుపక్షములవారును పాతపటములను పెట్టెలనుండి పైకి తీయుదురు. దత్తమండలమున బళ్ళారి ఉన్నదని ఒకరు, విజయనగర రాజధాని ఈ జిల్లాలోనిదని మరియొకరు. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అను పేరు పుట్టిననాడు బళ్ళారియు ఆ సీమలోనిదే అని మనవారందురు. అది నిజమే. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు ఆలూరు, ఆదవాని, రాయదుర్గము తాలూకాలు ఇటు వచ్చినవి, బళ్ళారియు మిగిలిన తాలూకాలును మైసూరునకు చేరినవి. బళ్ళారి తాలూకా విషయమున మిశ్రా విచారణ సంఘము ప్రత్యేకముగా నియమింపబడినది. ఆనాడు ప్రశ్న, ప్రజలు ఏ భాష మాట్లాడుదురు అన్నది. 1792నాటి పటముగాని 1800నాటి పటముగాని ఆ ప్రశ్నకు జవాబీయజాలదు. ఏలయన వానిలోని రంగు ప్రభువుది, పలుకు ప్రజలది. టిప్పుది, నిజాముది, కంపెనీది అని చెప్పుటకే ఆ రంగులు దిద్దబడినవి. అడుగని ప్రశ్నకు సాక్షిచేత జవాబు చెప్పించుట న్యాయస్థానమున చెల్లదు, విమర్శలోను చెల్లరాదు.

పటములు నిష్ప్రయోజనములని నా భావము కాదు. ఓబులాపురము గనులకడ రెండు రాష్ట్రముల ఎల్ల ఎచ్చట అను వివాదము ఈ శతాబ్దిలో సర్వోన్నత న్యాయస్థానము వరకు పోయినది. భారత సర్వేక్షణ శాఖవారు వచ్చి ఎల్లను మరల కొలువవలసివచ్చినది. ఇనుపరాయి ఉన్నచోట గజము భూమికి సైతము పటమే శరణ్యము. అది ఎల్లరాయి ఎచ్చట నాటిరన్న ప్రశ్న, దానికి కొలతపటము జవాబీయగలదు. భాష ఎవరిదన్నది వేరు ప్రశ్న. రాజవంశములు ఎచ్చట వర్ధిల్లినవన్నది మూడవ ప్రశ్న. మూడింటికి మూడు పటములు. 2021లో విజయనగర జిల్లా వేరుపడి, హంపీ ఆ జిల్లాలోనికి పోయినప్పుడు పాలనపటము మరియొకసారి మారినది. రామస్వామి పటమున హంపీకి ఏ చలనమును లేదు.

నేను పాఠము చెప్పు గది గోడకు రాష్ట్రపటమొకటి వ్రేలాడుచున్నది. అందు వేదవతీనది, మా వాడుకలో హగరి, చిత్రదుర్గము వైపునుండి వచ్చి ఎల్లకడ ఆగిపోవును. కొంత తెల్లని కాగితము. మరల బళ్ళారి జిల్లాలో అకస్మాత్తుగా మొదలగును. నడుమనున్న రాయదుర్గపు సీమ వేరొక రాష్ట్రమని ఆ తెలుపునకు అర్థము. ఒకనాడు ఏడవ తరగతి పిల్లవాడు లేచి, "నడుమ ఏరు యాడికి పాయ సార్?" అని అడిగెను. వాని మేనమామ ఊరు ఆ తెల్లకాగితములోనే కలదు. భైరవానితిప్ప ప్రాజెక్టు నీళ్లు చూచివచ్చిన పిల్లవాడు వాడు. నాటినుండి రెండు రాష్ట్రముల పటములను ప్రక్కప్రక్కన తగిలించుచున్నాను. వాని కొలమానములు వేరగుటచే నది సరిగా అతకదు. పిల్లలు అతుకు దగ్గర సుద్దముక్కతో గీత గీసి కలుపుదురు.

1828నాటి సంప్రదింపు గ్రంథమును తెనిగించు కార్యమును ఏ సాహిత్యసంఘమైనను చేపట్టవలెను. గ్రంథమంతయు ఒకేసారి కానక్కరలేదు. స్థలనామముల పట్టిక మొదట కావలెను. రామస్వామి వ్రాసిన ఆంగ్ల వర్ణక్రమము ఒక వరుసలో, తెలుగున పలుకు రూపము ఒక వరుసలో, కన్నడమున పలుకు రూపము ఒక వరుసలో, కైఫీయతులలోని రూపము దొరికినచోట అదియు ప్రక్కన. ఎల్లకు ఇరువైపుల నున్న తెలుగు, కన్నడ ఉపాధ్యాయులు కలిసినచో బళ్ళారి, అనంతపురము, కర్నూలు జిల్లాల పేర్లను ఒక వేసవి సెలవులలో సరిచూడవచ్చును. ఆదవాని మొదటి పేరుగా పెట్టుకొనవచ్చును. నేడు తెలుగున ఆదోని అనుటయే రూఢి, కన్నడమున ఆదవాని అందురు.